కూర్చుని అడిగే మనిషి

ఆ మంగళవారం మధ్యాహ్నం పన్నెండు గంటల ఇరవై నిమిషాలకు, నాలుగో పీరియడు ముగించి స్టాఫ్‌రూములోకి వస్తుండగా ఫోను మోగింది. కాటారం రూటు బస్సులో కండక్టరుగా పనిచేస్తున్న నా పాత విద్యార్థి.

"సార్, యాడి పోయింది సార్. పొద్దుగాల నిద్రలనే పోయిందట."

"ఎప్పుడు?" అని అడిగాను. అతడు అప్పటికే చెప్పాడు. ఓపిగ్గా మళ్లీ చెప్పాడు. "దినాలకు మీరు గూడ రావాలె సార్. మన హాస్టల్ పోరగాండ్లు శానమంది వస్తున్నరు."

వస్తానన్నాను. ఫోను పెట్టేశాక, నేను వెళ్లదగిన మనిషినేనా అని ఇంటికి చేరేదాకా ఆలోచించాను.

ముప్ఫై ఏళ్లుగా నేను తప్పకుండా డైరీ రాస్తున్నాను. అందులో ఆమె ప్రస్తావన నాలుగు చోట్ల ఉంది. నాలుగు చోట్లా 'వంటమనిషి' అనే రాశాను, పేరు రాయలేదు. ఇప్పుడూ రాయను. ఆమె పేరు చెబితే, నేను చెప్పబోయే ఒక పిల్లవాడి పేరు కూడా ఈ ప్రాంతంలో తెలిసిపోతుంది. అతడి సంగతి చెప్పుకునే హక్కు అతడిది. యాడి అంటే లంబాడీల ఇంటి భాషలో అమ్మ. తండాల నుంచి వచ్చిన పిల్లలు అలా పిలిచేవారు. వాళ్లను చూసి మిగతావారూ అలాగే పిలిచారు. వార్డెన్ కూడా పిలిచేవాడు. నేను మాత్రం పిలవలేదు.

మహబూబాబాదును మేము మానుకోట అంటాం. అక్కడి జూనియర్ కళాశాలలో నేను అధ్యాపకుణ్ణి. కళాశాల వెనుక వీధిలోని వసతిగృహంలో ఆమె దినకూలీ మీద వంట చేసేది. డోర్నకల్ దగ్గరి తండా నుంచి పొద్దుటి ప్యాసింజరు ఎక్కి వచ్చి, సాయంత్రం పుష్‌పుల్ రైలుకు తిరిగి వెళ్లేది. ఆమెకు గడియారంతో పని లేదు. "రెండో గూడ్సు పోయినంక పప్పు దించిన" అనేది. రైళ్లు ఆలస్యమైన రోజున ఆమె కాలమానం ప్రకారం ఊరంతా ఆలస్యమైనట్టే.

ఆమెను తలచుకోగానే మొదట గుర్తొచ్చేది, నేల మీద చతికిలబడటం. ఎవరినైనా ఏదైనా అడగాలంటే ముందు కూర్చునేది. పిల్లల ముందైనా అంతే, వార్డెన్ గదిలోనైనా అంతే. ఒకసారి నేను ఆ గదిలో ఉండగానే వచ్చి, బియ్యం బస్తాల సంగతి అడగడానికి గచ్చు మీద కూర్చుంది. వార్డెన్ ఇబ్బందిపడ్డాడు.

"లేవమ్మా, కుర్చీల కూసో. ఎవలన్న చూస్తె ఏమనుకుంటరు?"

"కుర్చీల కూసుంటె నీ అంత అయిత గద సారు. నీ అంతోనికి నువ్వు నిజం చెప్తవా?"

వార్డెన్ నవ్వేశాడు. బియ్యం ఎందుకు రాలేదో కూడా చెప్పేశాడు. ఆమె వెళ్తూ నా చేతిలోని డైరీని చూసి, "ఈ సారు రాయంది మానుకోటల పొద్దు గుంకదట గద" అని, నేను వినాలనే అంది.

రెండోది కంచాలు. వసతిగృహంలో ఎవరి స్టీలు కంచం వారిదే. తిన్నాక కడిగి వరండా గట్టు మీద బోర్లించాలి. ప్రతి కంచం మీదా పేరు చెక్కి ఉండేది. ఆమెకు చదువు రాదు. అయినా సొట్టలను బట్టి, అంచుల అరుగుదలను బట్టి డెబ్బై నాలుగు కంచాలనూ పోల్చేది. పొద్దున రాగానే గట్టు వెంట నడుస్తూ ఒక్కొక్కటీ ఎత్తి చూసేది. రాత్రి తిన్నవాడి కంచం కింద తడి ఉంటుంది. తిననివాడి కంచం పొడిగా, దుమ్ముతో ఉంటుంది.

"ఏమోయ్ కలెక్టరూ, నీ కంచం రాత్రి అలిగిందా?" అని ఒకణ్ణి. "నీ కంచం మేనత్త ఇంటికి పోయొచ్చిందా?" అని ఇంకొకణ్ణి. పిల్లలు నవ్వేవారు. నవ్వనివాడి దగ్గరికి వెళ్లి ఆమె కూర్చునేది.

ఇదంతా నేను చూశాను. చూసి, వంటింటి వ్యవహారమని వదిలేశాను. ఆ రోజుల్లో నాకు అంతకన్నా పెద్ద పనులున్నాయి అనుకున్నాను.

ప్రత్యేక రాష్ట్ర ప్రకటన వచ్చి, పక్షం రోజులైనా గడవకముందే వెనక్కి పోయిన శీతకాలం అది. కళాశాల ఎదుట రిలే నిరాహార దీక్షల శిబిరం వేశాం. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా రోజుకు కొందరు ఉపవాసం కూర్చుంటారు. ఐదింటికి పెద్దలెవరైనా నిమ్మరసం ఇచ్చి విరమింపజేస్తారు. మరునాడు వేరే బృందం. ఎవరి వంతు ఎప్పుడో రాసే పట్టిక నాది. విద్యార్థికి తొమ్మిది రోజులకొకసారి వంతు వచ్చేలా గళ్లు గీసి, రెండు రంగుల సిరాతో నింపేవాణ్ణి. ఆ పట్టికను చూసి వరంగల్లు నుంచి వచ్చిన నాయకులు మెచ్చుకున్నారు. ఆ మెప్పు కూడా డైరీలో ఉంది.

నాకు ఇంకొక బాధ్యత కూడా ఉండేది. ఉద్యమం కోసం ప్రాణం తీసుకున్న యువకుల ఫొటోలకు శిబిరంలో దండలు వేసేవాళ్లం. పత్రికల్లో వచ్చిన వాళ్ల చివరి ఉత్తరాలను నేను మైకులో చదివేవాణ్ణి. నాది మంచి కంఠమని అందరూ అంటారు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు దించాలో నాకు తెలుసు. నేను చదువుతుంటే పిల్లలు ఏడ్చేవారు. వారు ఏడ్చిన రోజున శిబిరం బాగా జరిగిందని రాసుకునేవాణ్ణి.

ముప్ఫై ఎనిమిదో రోజున ఆమె మంచినీళ్ల క్యాను మోసుకుని శిబిరానికి వచ్చింది. నేను చదవడం ముగించి వేదిక దిగేసరికి, నా కుర్చీ ముందు నేల మీద కూర్చుని ఉంది.

"సారు, ఆ పోయిన పిలగాని కాయితం రోజు చదువుతున్నవ్. ఆని తల్లి ఎట్లున్నదో ఎవలన్న పోయి చూసిండ్రా?"

"చూస్తారమ్మా. అది వేరే విషయం."

"నువ్వు చదివేటప్పుడు పోరగాండ్ల మొకాలు చూడు సారు జర. నీ దిక్కు చూస్తలేరు. ఆ ఫొటో దిక్కు చూస్తున్నరు. గా దండ దిక్కు చూస్తున్నరు."

"వాళ్లు త్యాగం చేశారు. వాళ్లను తలచుకోవద్దా?"

"తలుసుకో సారు. ఏడువు. గని గిట్ల చదివితె, సచ్చిపోతెనే సారు మన పేరు గింత మంచిగ చదువుతడు అనుకుంటరు. ఉన్నోని పేరు మైకుల ఎప్పుడన్న చదివినవా?"

పక్కనున్న ఇద్దరు విద్యార్థి నాయకులు నవ్వారు. నేనూ నవ్వాను. ఆనాటి డైరీలో 'వంటమనిషి అజ్ఞానపు ప్రశ్నలు. ఓర్పుతో సమాధానమిచ్చాను' అని ఉంది. నేనేమీ సమాధానమివ్వలేదు.

అయితే ఆమె మాటల్లో ఒక్కటి మాత్రం నాకు అంటుకుంది. మరునాటి నుంచి ఉపవాసం కూర్చున్నవారి పేర్లను కూడా మైకులో చదవడం మొదలుపెట్టాను. ఆమె చెప్పింది అది కాదు. దానివల్ల జరిగింది చెబుతాను.

రఘునాథపల్లి నుంచి వచ్చిన ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఒకడుండేవాడు. వసతిగృహంలో ఒకరినొకరు ఊరి పేర్లతో పిలుచుకునే అలవాటు కనుక అందరికీ అతడు రఘునాథపల్లే. నెమ్మదస్తుడు. వంతు వచ్చినవాడికి జ్వరమొచ్చినా, ఇంటికి వెళ్లాల్సి వచ్చినా, "నేను కూసుంట సార్" అని అతడే ముందుకొచ్చేవాడు. ముప్ఫై మూడో రోజు నుంచి యాభై ఒకటో రోజు వరకు పందొమ్మిది రోజులు. పద్ధతి ప్రకారం అతడి వంతు రెండుసార్లు. అతడు కూర్చున్నది ఏడుసార్లు. అయిదుసార్లు ఇతరులకు బదులు. ఈ లెక్క నేనే వేసి, మైకులో చదివి, 'ఆదర్శం' అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. అతడు తల దించుకున్నాడు. వినయమనుకున్నాను.

ఒక పూట తినకపోవడం గౌరవంగా మారిన రోజులవి. తిండి మానేసిన పిల్లవాడు మా అందరి కళ్లకూ దీక్షాపరుడిగానే కనిపించాడు. వంతు లేని రోజుల్లో కూడా అతడి కంచం పొడిగానే ఉంటోందని ఒక్కరికే తెలుసు.

యాభై ఒకటో రోజు మధ్యాహ్నం రెండున్నరకు ఆమె వచ్చింది. చేతిలో అతడి కంచం ఉంది. తిన్నగా దీక్ష వేదిక ఎక్కి, దండ వేసుకుని కూర్చున్న అతడి ముందు తానూ కూర్చుంది. కంచం పక్కన పెట్టింది.

"ఆరొద్దులాయె బిడ్డా నీ కంచం తడువక. నిన్న నీ వంతు గాదు, మొన్న గాదు."

అతడు కంచం వైపు చూశాడు.

"నిద్ర పడుతున్నదా?"

తల అడ్డంగా ఊపాడు.

ఆమె గొంతు తగ్గించింది. మూడడుగుల దూరంలో పట్టిక ముందు కూర్చున్న నాకు వినబడింది. "సచ్చిపోవాలె అనిపిస్తున్నదా బిడ్డా?"

నేను లేచి నిలబడ్డాను. అలాంటి మాట అడిగితేనే పిల్లల మనసులోకి ఆ ఆలోచన వస్తుందని నాకు గట్టి నమ్మకం. రోజూ మైకులో నేను చదివేది ఏమిటో ఆ క్షణంలో గుర్తు రాలేదు.

"ఏం మాటలమ్మా ఇవి? శుభమా అని దీక్షలో కూర్చున్న పిల్లవాణ్ణి పట్టుకుని! ఇది నీ వంటిల్లు కాదు. ఎవరక్కడ, ఈమెను కిందికి దింపండి."

ఆమె నా వైపు చూడలేదు. పిల్లవాడి కళ్ల నుంచి నీళ్లు దండ మీద పడ్డాయి. అవును అనలేదు, కాదు అనలేదు.

"దింపుతె దిగుత సారు. పోరణ్ని గూడ తీస్కపోత." అతడి చెయ్యి పట్టుకుని లేపింది. "నడువు బిడ్డా. నీ తోనే ఉంట. యాడికి పోను."

ఇద్దరూ వేదిక దిగి వెళ్లిపోయారు. అతడి మెడలో దండ అలాగే ఉంది. నేను కూర్చుని, పట్టికలో అతడి పేరు ఎదుట ఎర్రసిరాతో 'మధ్యలో విరమణ' అని రాశాను. కింద గీత కూడా గీశాను.

ఆ సాయంత్రం ఆరు గంటల నుంచి ఆరూ నలభై దాకా కూర్చుని వార్డెన్‌కు ఫిర్యాదు రాశాను. మూడు అంశాలు. ఒకటి, శిబిరానికి అంతరాయం కలిగించడం. రెండు, అశుభమైన మాటలతో విద్యార్థుల స్థైర్యాన్ని దెబ్బతీయడం. మూడు, సదరు స్త్రీ ప్రవర్తన మతిస్థిమితం లేనివారి ప్రవర్తనను పోలి ఉన్నందున పిల్లల మధ్య ఉంచదగదు. కార్బన్ ప్రతి నా దగ్గర ఉంచుకున్నాను. వారం తిరక్కముందే ఆమె పని పోయింది.

అరవై రెండో రోజున అతడి తండ్రి కళాశాలకు వచ్చాడు. రైతు. తలగుడ్డ చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"గా వంటామె వార్డెన్ సారుతోని ఫోను చేపిచ్చింది సారు. నేనొచ్చేదాక పిలగాని పక్కనుంచి లేవలే. వరంగల్ పెద్ద దవాఖానకు మాతోని వచ్చి మూడొద్దులు ఉన్నది. ఆమె చెయ్యి ఇడువకపాయె మావోడు. డాక్టరు ఏమన్నడంటె, గట్ల సీదా అడుగుడే మంచిదైంది, ఎవలన్న అడుగుతరేమోనని చూస్తుంటరట గిసొంటోళ్లు. ఇప్పుడు జర నయం సారు. మందులు నడుస్తున్నయి."

"కారణం ఏమిటన్నారు?"

"ఒక్కటని చెప్పలేమన్నడు సారు. పరీచ్చల రందున్నది, ఇంటి పరేషానున్నది, నిద్ర లేకపాయె. మనసుకు గూడ రోగమొస్తదట." తర్వాత జేబులోంచి ఒక కాగితం తీశాడు. "గిది ఆని పెట్టెల ఉండె. నాకు చదువు రాదు. గిండ్ల మీ పేరున్నదని డాక్టరు చెప్పిండు."

ఆ కాగితంలో ఏముందో ఇక్కడ రాయను. మొదటి వాక్యం నేను రోజూ మైకులో చదివే ధోరణిలోనే ఉంది. చివరి వాక్యంలో ఒక కోరిక ఉంది. 'దీన్ని శిబిరంలో మా సారే చదవాలి.'

మరునాడు శిబిరంలోని ఫొటోలను తీసేయించాను. గాలికి పడిపోతున్నాయని కారణం చెప్పాను. ఉత్తరాలు చదవడం మానేశాను. గొంతు బాగాలేదని చెప్పాను. వార్డెన్‌కు ఇంకొక ఉత్తరం రాయాలి. నేను రాసింది తప్పు, ఆమెను తిరిగి తీసుకోండి అని. ఒక పేజీకి మించదు. నలభై నిమిషాలు కూడా పట్టదు. పద్నాలుగేళ్లలో ఆ నలభై నిమిషాలు నాకు దొరకలేదు.

ఆ తర్వాత ఆమెను ఒక్కసారే చూశాను. మరుసటి వేసవికి ముందు, ఖమ్మం వెళ్తుండగా డోర్నకల్ జంక్షన్‌లో రైలు ఆగింది. మిరపకాయలు ఏరడానికి పోయే కూలీల గుంపు ప్లాట్‌ఫారం మీద ఉంది. అందులోంచి ఆమె నా కిటికీ దగ్గరికి వచ్చింది. చేతులకు గుడ్డలు చుట్టుకుంది. మిరప ఘాటుకు వేళ్లు మండుతాయి కదా.

"సారు, మంచిగున్నవా? మా రఘునాథపల్లి పరీచ్చ రాసిండా?"

నాకు తెలియదు. ఆ ఏడాది అతడు మానుకోటకు తిరిగి రాలేదు. ఎక్కడున్నాడో నేను కనుక్కోలేదు.

"రాశాడు. పాసయ్యాడు," అన్నాను.

ఆమె ముఖం వెలిగిపోయింది. వెనక్కి తిరిగి, తన గుంపులోని ఆడవాళ్లకు తమ భాషలో గట్టిగా ఏదో చెప్పింది. వాళ్లంతా నవ్వారు. ఒకామె నాకు దండం పెట్టింది. రైలు కదిలింది. ఆనాటి డైరీలో 'డోర్నకల్: వంటమనిషి కనబడింది, కుశలం' అని ఉంది.

దినాలకు వెళ్లేందుకు కండక్టరు నన్ను మానుకోటలో కలిశాడు. ఇద్దరం తండాకు ఆటోలో వెళ్లాం. ముప్ఫై దాటిన మనిషి. కొంచెం పొట్ట వచ్చింది. దారిలో ఆనాటి ఆ రఘునాథపల్లి తనంతట తానే చెప్పాడు.

"బతుకంత ఉండు అనలే సార్ యాడి. గంత మాట అంటె నాతోని కాకపోవు. 'పొద్దుగాల చాయ్ దాక ఉంటవా? గంతే చెప్పు' అన్నది. ఉంట అన్న. పొద్దుగాల మల్ల కూసున్నది. 'పగటీలి బువ్వ దాక?' అన్నది. గట్ల మూడొద్దులు. ఇప్పటికీ అప్పుడప్పుడు మనసు మంచిగుండది సార్. దవాఖానకు పోత, మందులు తెచ్చుకుంట. చాయ్ దాక అనుకుంట."

నేను సంచి ఒళ్లోకి లాక్కున్నాను.

"ఒక్కటే బాధ సార్. నాతోని మూడొద్దులు ఉన్నందుకు ఆమె పని పోయింది. మల్ల పని దొరకక మిర్చి ఏరవోయింది. నావల్లనే. ఆమె ఎన్నడు అనలేదు గని నాకు తెల్వదా?"

పద్నాలుగేళ్లుగా ఆ భారం అతడు మోస్తున్నాడు. అసలే మనసు బాగుండని రోజులున్నవాడు. నా సంచిలో కార్బన్ ప్రతి ఉంది; ఎందుకు తీసుకెళ్లానో అప్పటిదాకా నాకే స్పష్టంగా తెలియదు. ఆటోలోనే, అతడొక్కడికే చెప్పి ఉండవచ్చు. కానీ తప్పు నలుగురిలో చేశాను కనుక నలుగురిలోనే ఒప్పుకోవాలనుకున్నాను. అది న్యాయమనిపించింది.

ఇంటి ముందు షామియానా వేశారు. పాత విద్యార్థులు, తండావాసులు, బంధువులు. ఆమె కొడుకు, కూతురు గుమ్మం దగ్గర కూర్చున్నారు. పెద్దలు రెండు మాటలు చెప్పమన్నప్పుడు నేను లేచాను. ఆమె పని పోవడానికి కారణం ఈ కండక్టరు కాదని, నేనని చెప్పాను. కాగితం విప్పాను. సగం చదివితే ఒప్పుకోవడం కూడా సగమే అవుతుందని, మూడు అంశాలూ ఒక్క మాట విడవకుండా చదివాను.

కండక్టరు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. కొడుకు లేచి నిలబడ్డాడు.

"ఏమన్నవ్ సారు? మతి లేనిదా మా యాడి?"

కూతురు అతడి చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె అంగన్‌వాడీలో పనిచేస్తుందట. నా వైపు చూసి, గొంతు పెంచకుండా మాట్లాడింది.

"ఆ కాయితం మాకు ఎరికే సార్. వార్డెన్ సారు ఒక కాపీ అమ్మ చేతిల పెట్టి పంపిండు. అమ్మకు చదువు రాదు గద. నేనే చదివిన. అప్పుడు నేను ఆరో తరగతి."

ఆమె అన్న చెయ్యి ఇంకా పట్టుకునే ఉంది.

"సారు ఏం రాసిండు బిడ్డా అన్నది. శిబిరం కాడికి రావద్దన్నడు, గసొంటి మాటలు అడగొద్దన్నడు అని చదివిన. మూడోది చదవలే. గంతేనా అన్నది. గంతే అన్న. పోనీ, కోపంల రాసిండు, మంచోడే అన్నది. అమ్మకు తెల్వనియ్యలే సార్. అన్నకు తెల్వనియ్యలే. కాయితం పొయ్యిల పెట్టిన. గీ తండల ఎవ్వలకు తెల్వకుండ ఉంచిన."

అన్న ఆమెను తమ భాషలో ఏదో అడిగాడు. ఆమె తల దించుకుంది.

నేను నిలబడే ఉన్నాను. నా ఎదుట, చంకల్లోని పసివాళ్లను మినహాయిస్తే, నలభై మూడు మంది ఉన్నారు. అందరూ విన్నారు.